డెబ్భై అయిదేళ్ల సిపాయి

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఈ వేదిక మీదే ముగ్గురున్నారు. కార్యదర్శిగారు నన్ను పిలిచి, "కరువుభత్యం బకాయిల గురించి అందరూ మాట్లాడుతున్నారు, మీరు పుస్తకాలు బాగా చదువుతారట గదా, ఓ పావుగంట వాటి గురించి చెప్పండి" అన్నారు. ఏ పుస్తకాలని ఆయన అడగలేదు. అడిగి ఉంటే ఈ పావుగంట నాకు దక్కేది కాదు.

నేను చదివేవి యుద్ధాల నవలలు. అవి కూడా భూమి మీద జరిగిన యుద్ధాలు కావు. సైన్స్ ఫిక్షన్ అంటారు గదా, అందులోనూ వెంటాడటాలు, ఓడలు పేలిపోవటాలు, తెల్లవారేదాకా కింద పెట్టనివ్వనివి. మన మిత్రులొకరు మొన్న పార్కులో, "ఈ వయసులో భాగవతం చదువుకోక ఈ పిల్లకాయల పుస్తకాలేమిటయ్యా" అన్నారు. వారు ఈ సభలోనే ఉన్నారు, పేరు చెప్పను. భాగవతమూ చదువుతున్నానండీ. ఉదయం అది, రాత్రి ఇవి. నిజానికి ఆ ఉదయం పుస్తకమే ఈ రాత్రి పుస్తకాలకు దారి చూపించింది. ఎలాగో ముందు ముందు మనవి చేస్తాను.

మనలో చందమామ చదవనివారు ఎవరున్నారు? దాసరి సుబ్రహ్మణ్యం గారి 'తోకచుక్క', 'మకరదేవత' ధారావాహికలు వచ్చే నెల దాకా ఆగలేక తపాలా బంట్రోతు వెంట తిరిగినవాళ్లం మనం. ఆ తరువాత కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, ఆ తరువాత ఇంట్లో ఆడవాళ్ల చేతుల్లోంచి లాక్కుని చదివిన యండమూరి. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారి 'ఆదిత్య 369'కి పిల్లల వంక పెట్టి మనమే వెళ్లాం. శ్రీకృష్ణదేవరాయల కొలువు నుంచి 2504వ సంవత్సరం దాకా ఆ యంత్రం తిప్పి తీసుకొస్తే నోరు తెరుచుకుని చూశాం. ఆ యంత్రానికి మూలపురుషుడు 1895లో హెచ్.జి. వెల్స్ రాసిన 'టైమ్ మెషీన్'. కాబట్టి ఈ సరుకు మనకు కొత్తదేమీ కాదు. మధ్యలో ఉద్యోగం, పిల్లల చదువులు, ఇంటి అప్పు అడ్డం వచ్చాయి, అంతే.

నా మటుకు నాకు ఈ అలవాటు 1973లో పట్టింది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, బదిలీ మీద వెళ్లిన ఊళ్లో అద్దెగది, హోటల్ భోజనం. శాఖా గ్రంథాలయంలో అట్ట ఊడిపోయిన 'వార్ ఆఫ్ ది వరల్డ్స్' దొరికింది. వెల్స్ దాన్ని 1898లో పుస్తకంగా తెచ్చాడు. అంగారకుడి నుంచి వచ్చినవాళ్లు మూడు కాళ్ల యంత్రాలెక్కి ఇంగ్లండును తగలబెడుతుంటారు. నా ఇంగ్లీషు అప్పుడు జీవోలు అర్థం చేసుకునేంత మాత్రమే. నిఘంటువు పక్కన పెట్టుకుని పది రోజులు చదివాను. అందులో 'థండర్ చైల్డ్' అనే యుద్ధనౌక ఘట్టం ఒకటుంది. కాందిశీకులతో కిక్కిరిసిన స్టీమరు సముద్రంలోకి పారిపోతుంటే, దాన్ని కాపాడటానికి ఆ నౌక ఒంటరిగా మూడు యంత్రాల మీదికి దూసుకుపోతుంది. రెండింటిని కూల్చి తానూ ఆహుతైపోతుంది. రెండు మూడు పేజీలే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చివరికి ఆ అంగారకులను చంపింది ఫిరంగులు కావు, కంటికి కనపడని సూక్ష్మజీవులు. 2020 తరువాత ఆ చివరి అధ్యాయాలు మళ్లీ చదివితే, ఎవరూ లేని లండను వీధుల వర్ణన వేరే విధంగా కనిపించింది. ఈ పుస్తకంతో మొదలుపెట్టండని నా సలహా. చిన్నది, జీర్ణమవుతుంది.

ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ పేరు అందరికీ తెలుసు. 'ట్వెంటీ థౌజండ్ లీగ్స్' అంటే జలాంతర్గామి దిగిన లోతు అనుకుంటారు చాలామంది. అది నీటి అడుగున ప్రయాణం చేసిన దూరం. ఆ ఓడ నాయకుడు కెప్టెన్ నీమో ఎవరో ఆ పుస్తకంలో చెప్పడు. 1875 నాటికి పూర్తయిన 'మిస్టీరియస్ ఐలండ్'లో గుట్టు విప్పుతాడు. నీమో మనవాడండీ! బుందేల్‌ఖండ్ రాజకుమారుడు, పేరు డక్కర్. 1857 తిరుగుబాటులో ఇంగ్లీషువాళ్లతో పోరాడి, భార్యాబిడ్డలను పోగొట్టుకుని, సముద్రంలోకి వెళ్లిపోయినవాడు. మొదట వెర్న్ అతన్ని పోలెండు దేశస్థుడిగా అనుకున్నాడట, రష్యాలో పుస్తకాల అమ్మకం దెబ్బతింటుందని ప్రచురణకర్త ఒప్పుకోలేదట. అలా మనకు దక్కాడు. గుమాస్తా బుద్ధి పోదు గనుక ఒక ఆడిట్ అభ్యంతరం కూడా మనవి చేస్తున్నాను: రెండు పుస్తకాల్లో తేదీలు పక్కపక్కన పెడితే పొసగవు. మొదటి దానిలో 1868లో బలంగా తిరుగుతున్న మనిషి, రెండో దానిలో ఆ కాలానికే ముసలివాడై ద్వీపంలో ఏళ్ల తరబడి ఒంటరిగా ఉంటాడు. నా సెక్షన్‌లో ఇటువంటి ఫైలు వస్తే వివరణ కోరి తిప్పి పంపేవాణ్ని. వెర్న్ గారికి మాత్రం మినహాయింపు ఇచ్చాను.

ఆర్థర్ సి. క్లార్క్ 1956 నుంచి 2008లో పోయేదాకా మన పక్కనే శ్రీలంకలో ఉన్నాడు. ఆయన 1973 నవల 'రెండెవూ విత్ రామా'. రామ అంటే మన రాముడే. కొత్తగా కనిపించే గ్రహశకలాలకు పెట్టడానికి గ్రీకు, రోమను దేవతల పేర్లు అయిపోయి హిందూ దేవతల పేర్లు పెడుతున్న కాలమది. 2131లో కనిపించిన ఆ వస్తువు దగ్గరికి పోయి చూస్తే అది శిల కాదు, 50 కిలోమీటర్ల పొడవున్న డొల్ల గొట్టం. లోపల ఒక లోకం. చుట్టూ నిలబడ్డ సముద్రం, తలపైన కూడా నేలే. ఇందులో తుపాకీ యుద్ధం లేదు. అయినా నేను దీన్ని ఈ జాబితాలో ఎందుకు చేర్చానంటే, జిమ్మీ పాక్ అనే కుర్రవాడు తొక్కుడు రెక్కల సైకిలు మీద ఆ గొట్టంలో గాలిలో ఎగురుకుంటూ అవతలి కొస దాకా పోయే ఘట్టం కోసం. అక్కడ మెరుపు కొట్టి సైకిలు ముక్కలవుతుంది. అవతలి ఒడ్డున చిక్కుకున్నాడు. సముద్రం అర కిలోమీటరు కింద ఉంది. తిరిగి రావటానికి మార్గం ఒక్కటే. తన చొక్కా విప్పి దాన్ని గొడుగులా పట్టుకుని దూకాలి. ముప్పయి ఆరేళ్లు ఆఫీసుకు సైకిలు తొక్కినవాణ్ని, ఆ పేజీలు చదువుతుంటే నా పిక్కలు పట్టేశాయి. మధ్యమధ్య చంద్రుడి మీద కూర్చుని ఒక కమిటీ దీర్ఘంగా చర్చిస్తుంటుంది. కమిటీలు మాత్రం ఏ శతాబ్దంలోనూ మారవని క్లార్క్ గారికీ తెలుసు.

రాబర్ట్ హైన్‌లైన్ 1959లో రాసిన 'స్టార్‌షిప్ ట్రూపర్స్' చాలామంది మొదటి వరసలో పెడతారు. యంత్రకవచాలు తొడుక్కుని ఆకాశం నుంచి దిగే మొదటి అధ్యాయం ఉరకలెత్తిస్తుంది. ఆ తరువాత ఎన్నో పేజీలు నీతిబోధ. ప్రభుత్వానికి సేవ చేసి వచ్చినవాడికే ఓటు ఉండాలంటాడు. మనలాంటివాళ్లకు ఆ మాట వినసొంపుగానే ఉంటుంది గాని, పొలం దున్నేవాడికి, ఇంట్లో వంట చేసే ఇల్లాలికి ఎందుకు ఉండకూడదో ఆయన నన్ను ఒప్పించలేకపోయాడు. చదవకపోయినా నష్టం లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను.

2022లో మా ఇంటావిడ కాలం చేశారు. మీలో చాలామంది వచ్చి పలకరించి వెళ్లారు, ఆ ఋణం తీరేది కాదు. ఆ తరువాత రాత్రి రెండింటికి మెలకువ వచ్చేది. రెండేళ్లు అదే వరస. 2024లో నాకు 75 నిండాయి. బెంగుళూరు నుంచి మనవడు వచ్చి, "తాతయ్యా, నువ్వు పాత రోజుల్లో ఇలాంటివి చదివేవాడివని నానమ్మ చెప్పేది" అంటూ రెండు పుస్తకాలు చేతిలో పెట్టాడు. ఆవిడ వాడికి ఆ సంగతి ఎప్పుడు చెప్పిందో నాకు తెలియదు.

మొదటిది జో హాల్డ్‌మన్ 1974లో రాసిన 'ది ఫరెవర్ వార్'. ఈయన భౌతికశాస్త్రం, ఖగోళశాస్త్రం చదువుకుని, నిర్బంధంగా సైన్యంలోకి తీసుకోబడి వియత్నాం వెళ్లి గాయపడి వచ్చినవాడు. నవలలో మండెల్లా అనే కుర్రవాణ్ని కూడా అలాగే పట్టుకుపోతారు. టౌరన్లనే వేరే లోకం వాళ్లతో యుద్ధం. ఓడలు కాంతివేగానికి దగ్గరగా పోతాయి గనుక, ఐన్‌స్టీన్ చెప్పినట్టు, అందులో ఉన్నవాళ్లకు నెలలు గడిస్తే ఇక్కడ ఏళ్లు గడుస్తాయి. ఇదే మన భాగవతంలో కకుద్మి మహారాజు కథ. కూతురు రేవతికి వరుణ్ని అడుగుదామని బ్రహ్మలోకం వెళ్లి, అక్కడ పాట జరుగుతుంటే కాసేపు ఆగాడు. ఈలోగా కింద 27 మహాయుగాలు గడిచిపోయాయి. తాను అనుకున్న వరులు, వాళ్ల మనవలు, మునిమనవలు ఎవరూ లేరు. మా మిత్రులు ఈ మాటతో ఇప్పుడు నన్ను క్షమిస్తారనుకుంటాను.

మండెల్లా యుద్ధం చేసి తన లెక్కలో కొద్ది ఏళ్లకు తిరిగి వచ్చేసరికి ఇక్కడ 2024. నేను చదివిందీ 2024లోనే, చిత్రం! అతనికి ఇన్నేళ్ల జీతం బకాయిలు వడ్డీతో సహా జమ అయి ఉంటాయి. 1990లలో పే బిల్లుల సెక్షన్ చూసినవాణ్ని గనుక ఆ పేజీ రెండుసార్లు చదివాను. మన బకాయిల మీద వడ్డీ మాట ఎవరైనా ఎత్తారా? అది అలా ఉంచండి. అతని తల్లికి 84 ఏళ్లు. ఆమెకు జబ్బు చేస్తుంది. ఇతను డాక్టరు కోసం పరుగెత్తితే తెలిసేది ఏమిటంటే, డెబ్భై నిండిన ప్రతివాళ్లకూ ప్రభుత్వం ఒక అంకె వేస్తుంది. ఎవరికి ఎంత వైద్యం చేయవచ్చునో ఆ అంకె చెబుతుంది. ఆమెకు వేసిన అంకె సున్నా. సున్నా వచ్చినవాళ్లకు వైద్యం లేదు. ఇది ఆమెకు ముందే తెలుసు. కొడుకు బాధపడతాడని చెప్పలేదు.

అక్కడ పుస్తకం మూసేశాను. 2022లో ఒక ఆసుపత్రి కౌంటరు ముందు హెల్త్ కార్డు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆసుపత్రి పేరు అనవసరం. కౌంటరులో కుర్రవాడు జబ్బు ఏమిటని అడగలేదు. వయసు అడిగాడు. చెప్పాను. "కూర్చోండి, చూస్తాం" అన్నాడు. మూడు గంటలు కూర్చున్నాం. ఆ మూడు గంటల వల్లే ఆవిడ పోయిందని నేను అనను, డాక్టర్లు కూడా అనలేదు. అయితే ఆ కుర్రవాడు కాగితం మీద ఏదో అంకె వేసుకోవటం నేను చూశాను. అది సీరియల్ నంబరే అయి ఉంటుంది. నేనూ జీవితమంతా కాగితాల మీద అంకెలు వేసినవాణ్నే. ఎవరి వంక చూసి వేశానో, ఎవరి వంక చూడకుండా వేశానో ఇప్పుడు గుర్తుకు వస్తున్నాయి. ఫ్యామిలీ పెన్షను కోసం నా బల్ల చుట్టూ ఎన్నోసార్లు తిరిగిన ఒక తల్లి ముఖం మరీ గుర్తుకు వస్తోంది. ఆమె కాగితాల్లో లోపం ఉన్నమాట నిజమే. ఆ లోపం మొదటిరోజే చెప్పి ఉండవచ్చు.

ఆ యుద్ధం 1143 సంవత్సరాలు సాగుతుంది. ఎందుకు మొదలైందో, ఎలా ముగుస్తుందో చెప్పను. చివరి నాలుగు పేజీల కోసమే పుస్తకమంతా చదవవచ్చు. కొనేటప్పుడు పూర్తి ప్రతి అని చూసి కొనండి. మొదట అచ్చయినప్పుడు ఈ తల్లి ఘట్టంలో చాలా భాగం తీసేశారు, తరువాతి ముద్రణలో చేర్చారు. ఇంకో హెచ్చరిక: సైనికుల భాష, నడవడిక కొన్నిచోట్ల మొరటుగా ఉంటాయి. మనవరాళ్ల చేతికి ఇచ్చే ముందు మీరు చదవండి. ఏం, మీ చేతికి వాళ్లే ఇస్తారంటారా, అదీ నిజమే.

రెండోది జాన్ స్కాల్జీ రాసిన 'ఓల్డ్ మ్యాన్స్ వార్', 2005లో పుస్తకంగా వచ్చింది. అప్పటికి రచయితకు నలభై కూడా లేవు. ఇన్ని సంగతులు వాడికెవరు చెప్పారో మరి! కథానాయకుడు జాన్ పెర్రీ. డెబ్భై అయిదో పుట్టినరోజున భార్య సమాధి దగ్గరికి పోయి, అక్కణ్నుంచి సైన్యంలో చేరతాడు. ఆ సైన్యానికి కుర్రవాళ్లు అక్కరలేదు. 75 నిండినవాళ్లనే తీసుకుంటుంది. మనం 75 నిండితే అదనపు పెన్షను శ్లాబు కోసం ఎదురుచూస్తాం, వాళ్లకు రైఫిలు ఇస్తారు. ఒకసారి భూమి వదిలితే తిరిగి రావటం లేదు. వెళ్లినవాణ్ని ఇక్కడి రికార్డుల్లో చనిపోయినట్లు రాసేస్తారు, అందుకు ముందే సంతకం పెట్టాలి. ఏటా బతికే ఉన్నామని సర్టిఫికెట్ ఇచ్చుకునే మనకు ఇది ఎంత హాయిగా ఉంటుందో ఆలోచించండి!

అక్కడికి పోయాక కొత్త శరీరం ఇస్తారు. ఆకుపచ్చ చర్మం, పిల్లి కళ్లు. మనసు మాత్రం పాతదే. మోకాళ్లు నొప్పి లేకుండా, దమ్ము రాకుండా పరుగెత్తగలమని తెలిసిన మొదటి రోజు వాళ్లు పడే సంబరం చదివి నేను ఒంటరిగా గట్టిగా నవ్వాను. పక్కింటివాళ్లు మర్నాడు అడిగారు. ఆ సంబరం వెనకాలే యుద్ధం. పదేళ్లలో ఎక్కువమంది పోతారని మొదటే చెబుతారు. ఓడలో పరిచయమైన స్నేహితులు ఒక్కొక్కరే రాలిపోతుంటారు, ఉత్తరాలు వస్తుంటాయి. మన సంఘ పత్రికలో చివరి పేజీ చదివినట్టే ఉంటుంది.

సగం దాటాక ఒక యుద్ధంలో పెర్రీ విమానం కూలి, చావుకు సిద్ధంగా పడి ఉంటాడు. కళ్లు తెరిస్తే ఎదురుగా ఒక ముఖం. ఎవరిదో నేను చెప్పకూడదు, మీరు ఊహించే ఉంటారు. శాస్త్రప్రకారం దానికి కారణం ఉంది, మాయామంత్రం ఏమీ లేదు. ఆ వచ్చినామెకు ఇతనెవరో తెలియదు. తెలిసే అవకాశమూ లేదు. ఇతను చెప్పటం మొదలుపెడతాడు, ఆమె ఎటువంటిదో, ఏమిటో. ఆ పేజీ దగ్గర నేను మూడు వారాలు ఆగిపోయాను. తరువాత ఏమవుతుందోనన్న భయం వల్ల కాదు. నన్ను ఎవరైనా అలా అడిగితే ఆవిడ గురించి ఏం చెబుతానా అని ఆలోచిస్తూ ఉండిపోయాను. ముందు గుర్తుకు వచ్చినవన్నీ చివరి ఏడాదివి, మందులు, మంచం. వాటి వెనక్కి వెళ్లటానికి రోజులు పట్టింది. మూడోవారం ఒక రాత్రి 1978 గుర్తుకు వచ్చింది. బదిలీ మీద సామాన్లు వేసుకున్న లారీలో ముందు సీట్లో కూర్చుని, ఒళ్లో కుక్కరు పట్టుకుని, దారి పొడుగునా డ్రైవరుతో ధాన్యం ధరల గురించి వాదించిన మనిషి. ఆ రాత్రి తెల్లవారేదాకా పడుకున్నాను. మర్నాడు పుస్తకం పూర్తి చేశాను.

ఇక వాడుక సంగతులు. కళ్లు ఆగనివాళ్లకు ఫోనులోనో, టాబ్లెట్‌లోనో అక్షరాలు పెద్దవి చేసుకునే సదుపాయం ఉంది, మనవలు రెండు నిమిషాల్లో నేర్పుతారు. తెలియని మాట వస్తే ఆగకండి, ముందుకు పోండి. మూడోసారి కనిపించేసరికి దాని అర్థం అదే తెలుస్తుంది. జీవోలను మనం అలాగే నేర్చుకున్నాం గదా! పడుకునే ముందు చదివితే నిద్ర చెడుతుందని డాక్టర్లంటారు. చెడటానికి నిద్ర ఉన్నవాళ్లకు ఆ మాట వర్తిస్తుంది.

సంఘం కార్యాలయంలో బీరువా కింది అరలో నాలుగు పుస్తకాలు ఇవాళ పెట్టాను: వెల్స్, వెర్న్, క్లార్క్, హాల్డ్‌మన్. రిజిస్టరు కూడా గీతలు కొట్టి ఉంచాను. పేరు, పీపీవో నంబరు, తీసుకున్న తేదీ రాసి పట్టుకెళ్లండి. గడువు నెల రోజులు. ఇద్దరికి మించి ఒకే పుస్తకం కావలసివస్తే వయసులో పెద్దవారికి మొదట. స్కాల్జీ పుస్తకం మాత్రం సంక్రాంతి వెళ్లాక తెచ్చి పెడతాను, ఇంకోసారి చదువుతున్నాను. అందులో మధ్యన ఒక పాత మందుల చీటీ గుర్తుగా పెట్టి ఉంటుంది. తీసుకున్నవాళ్లు దయచేసి దాన్ని ఆ పేజీలోనే ఉంచండి.